ఫోన్లు మనిషికొకటి, ఐడీ ఇంటికొకటి

మన ఇళ్ళలో చూడండి, ఫోన్లు మనిషికొకటి ఉంటాయి. మెయిల్ ఐడీ మాత్రం ఇంటికొకటే. కొత్త ఫోను కొన్నరోజు షాపు కుర్రాడు "మేడమ్, జీమెయిల్ ఐడీ చెప్పండి" అంటాడు. మనం పక్కకి చూస్తాం. పక్కనున్న ఆయనో, అబ్బాయో తమ ఐడీ చెప్పి పాస్‌వర్డ్ కొట్టేస్తారు. రెండు నిమిషాల్లో ఫోను చేతికొస్తుంది. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

ఆయన సైటు పని మీద ఎవరి నంబరు దాచుకున్నా మన ఫోన్లో ప్రత్యక్షం. "ఇసుక లారీ", "ఏఈ గారు కొత్త నంబర్", "సెంట్రింగ్ మేస్త్రీ 2". మన పాలబ్బాయి, టైలరమ్మ ఆయన ఫోన్లోకి చేరతారు. అమ్మాయి హాస్టల్లో స్నేహితులతో దిగిన ఫొటో నాయనమ్మ ఫోన్లో తేలుతుంది, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని "ఈ పొట్టి జుట్టు పిల్లాడెవరే?" అని అడుగుతుంది. ఆ పొట్టి జుట్టుది రూమ్మేటు, పాపం.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నాకు బాగా తెలిసిన ఒకమ్మాయికి జరిగింది మాత్రం అంత నవ్వులాట కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి స్కానింగు చేయించుకుంది. రిపోర్టు నలిగిపోతుందని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంది. మూడో నెల నిండాక అందరికీ చెబుదామని దంపతులిద్దరూ అనుకున్నారు. సాయంత్రానికల్లా ఆడపడుచు ఫోను. "మాతో చెప్పకూడదా వదినా, మేమేమైనా పరాయివాళ్ళమా?" సంగతేమిటంటే ఆ పిల్ల ఫోన్లోనూ, అత్తగారి ఫోన్లోనూ ఉన్నది వాళ్ళాయన ఐడీయే. ఇటు తీసిన ఫొటో అటు ఎక్కేసింది. అత్తగారు దొంగచాటుగా చూసిందీ లేదు, ఎవరూ చాడీ చెప్పిందీ లేదు. అయినా మొదట నోరు తెరిచి చెప్పుకునే ముచ్చట ఆ పిల్లకి దక్కలేదు.

ఇక చోటు సంగతి. గూగుల్ ఒక్కో ఐడీకి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిళ్ళు, డ్రైవ్‌లో కాగితాలు, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఒకప్పుడు కాస్త నాణ్యత తగ్గించి దాచిన ఫొటోలకి లెక్క ఉండేది కాదు. 2021 జూన్ 1 నుంచి ఎక్కించినవన్నీ లెక్కలోకే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోనే పడుతోంది. ఒక్క ఐడీ మీద నాలుగు ఫోన్లు పెట్టి నాలుగు వైపుల నుంచీ కుక్కితే 15 జీబీ ఏ మూలకి? పండక్కి పిల్లలు వచ్చి వెళ్ళేసరికి "స్టోరేజ్ ఫుల్" అని ఎర్రగా చూపిస్తుంది. చాలామంది దాన్ని పక్కకి తోసేసి ఊరుకుంటారు. ఫొటోలు ఆగిపోతే ఆగాయిలే అనుకుంటారు కానీ, నిండిపోయిన ఐడీకి మెయిళ్ళు కూడా రావు. పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతాయి. కౌన్సెలింగు రోజుల్లో అలా కాలేజీ మెయిలు తిరిగిపోతే ఎవరిని అడుగుతారు?

ఓటీపీ బాధ ఇంకొకటి. చాలామంది అమ్మల ఐడీలకి వెనక ఉన్న నంబరు పెద్దబ్బాయిది. ఆ పెద్దబ్బాయి ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడ పొద్దున్న పదకొండింటికి కొత్త ఫోన్లో లాగిన్ అవబోతే ఓటీపీ అక్కడికి వెళుతుంది, అక్కడేమో అర్ధరాత్రి. వాడు లేచి చూసేసరికి దాని గడువు తీరిపోతుంది. ఇక్కడి సిమ్ రీచార్జి చేయకుండా వదిలేస్తే మరీ ప్రమాదం. రద్దయిన నంబరుని కొన్నాళ్ళకి కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మీ తాళం ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పడ్డట్టే.

అందుకని నేను చెప్పేదొకటే. ముందు ఎవరి ఐడీ వాళ్ళకి ఉండాలి. మీ పేరున, మీ నంబరు మీద, మీరు పెట్టుకున్న పాస్‌వర్డుతో. చోటు పంచుకోవడం ఆ తర్వాత. మనవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. చోటు పంచుకోవాలంటే పాస్‌వర్డే పంచుకోవాలనుకుంటారు. ఆ అవసరమే లేదు.

గూగుల్ వన్ అని డబ్బు కట్టి చోటు తీసుకునే పద్ధతి ఉంది కదా. వంద జీబీకి నెలకి 130 రూపాయల దాకా అవుతుంది, ఏడాదికి ఒక్కసారి కడితే ఇంకొంచెం తగ్గుతుంది. ఇంట్లో ఒక్కరు కడితే చాలు. ఆ కట్టినవాళ్ళు ఫ్యామిలీ గ్రూపు పెట్టి ఇంకో ఐదుగురిని కలుపుకోవచ్చు. ఒకే ప్రహరీలో ఆరు వాటాలున్న ఇల్లనుకోండి. పెరడు ఉమ్మడి, ఎవరి వాటా తాళం వాళ్ళది. ముందు ఎవరి 15 జీబీ వాళ్ళు వాడుకుంటారు, అది నిండాకే ఉమ్మడి చోటులో సామాను పడుతుంది. గ్రూపు పెట్టిన మనిషికి ఎవరు ఎంత చోటు వాడుతున్నారో కనిపిస్తుంది, ఏం పెట్టుకున్నారో కనిపించదు. ఈ ఒక్క మాట చెబితే చాలామంది ఆడవాళ్ళు హమ్మయ్య అంటారు. మగవాళ్ళూ అంటారు, పైకి చెప్పరంతే.

ఐఫోను ఇళ్ళలోనూ పద్ధతి ఇంచుమించు ఇదే. అక్కడ ఉచితంగా వచ్చేది 5 జీబీ. ఐక్లౌడ్ ప్లస్‌కి డబ్బు కట్టినవాళ్ళు మరో ఐదుగురితో పంచుకోవచ్చు, ఎవరి ఫొటోలు వాళ్ళవే.

ఇక్కడ గూగుల్ వాళ్ళ షరతులు రెండున్నాయి, మన తెలుగు కుటుంబాలకి తగిలేవి. మొదటిది, గ్రూపులో అందరూ ఒకే దేశంలో ఉండాలి. డల్లాస్ అబ్బాయి "అమ్మా, నా దగ్గర రెండు టీబీ ఉంది, నిన్ను కలిపేస్తాను" అని ఉత్సాహపడినా కుదరదు. మనవడి ఫొటోల ఆల్బమ్ పంచుకోవచ్చు, కాగితాల ఫోల్డరు పంచుకోవచ్చు, వాటికి దేశాల అడ్డు లేదు. చోటు మాత్రం ఎవరి దేశంలో వాళ్ళు కొనుక్కోవలసిందే.

రెండోది వింటే మీకు నవ్వొస్తుంది. ఒక మనిషి ఒక్క కుటుంబంలోనే ఉండాలట. ఒక గ్రూపు వదిలి ఇంకో గ్రూపులోకి మారడం ఏడాదికి ఒక్కసారే. అంటే పెళ్ళైన పిల్ల పుట్టింటి గ్రూపులో ఉండాలా, మెట్టినింటి గ్రూపులోకి వెళ్ళాలా అన్నది తేల్చుకోవాలి. ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చుని ఈ నియమం రాసినవాళ్ళకి మన సారె, చలివిడి సంగతులు తెలియకపోయినా సమస్యని మాత్రం సరిగ్గా పట్టుకున్నారు.

మా తోటికోడలి కూతురికి మొన్న మాఘమాసంలో పెళ్ళయింది. పెళ్ళైన వారానికే కొత్త పెళ్ళికొడుకు "నా గ్రూపులోకి రా" అన్నాడు, ముచ్చటగానే. వాళ్ళ నాన్నకేమో మనసొప్పలేదు. "అదేమైనా ఇంటిపేరా, అంత తొందరగా మార్చడానికి?" అని మొహం ముడుచుకున్నాడు. చూసేవాళ్ళకి విడ్డూరంగా ఉంటుంది కానీ, ఆయన బాధ ఆయనది. నేను ఆ పిల్లతో చెప్పింది ఇది: ఏ గ్రూపులో ఉన్నా నీ ఐడీ నీది, నీ ఫొటోలు నీవి. గ్రూపు మారినంత మాత్రాన ఒక్కటీ పోదు. కాకపోతే చోటు వెనక్కి పోతుంది. నీ సామాను 15 జీబీ దాటి ఉంటే, ఇంకో చోటు దొరికేదాకా కొత్తవి ఎక్కవు, మెయిళ్ళు ఆగుతాయి. అలా రెండేళ్ళు పట్టించుకోకుండా వదిలేస్తే ఉన్నవి కూడా తీసేసే హక్కు వాళ్ళకుంది. కాబట్టి ముందు పనికిరానివి ఏరిపారేసి, అప్పుడు మారు. ఆ పిల్ల ఇద్దరి మాటా వినలేదు. ఉద్యోగం చేస్తోంది కదా, సొంతంగా వంద జీబీ తీసుకుని మొగుణ్ణే తన గ్రూపులో కలుపుకుంది. వాళ్ళ నాన్న ఆ రోజు నుంచి మహా సంతోషంగా ఉన్నాడు.

చోటు పంచుకున్నంత మాత్రాన ఫొటోలు ఒకరివొకరికి కనబడవని చెప్పాను కదా, మరి చూపించాలనుకున్నవి ఎలా? గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్ ఒకటి చేసి, కావలసినవాళ్ళని కలపండి. దానికో సదుపాయం ఉంది. పిల్లాడి మొహం ఒకసారి చూపిస్తే, ఇక ఆ మొహం ఉన్న ఫొటో ఎప్పుడు తీసినా తనంతట తానే ఆ ఆల్బమ్‌లోకి వెళుతుంది. మా అత్తయ్యకి ఇలాగే పెట్టాం. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడ మంచమ్మీద కూర్చుని, చూపుడువేలు చీర చెంగుకి తుడుచుకుని మరీ తెర మీద పెడుతుంది. ఒక్కో ఫొటో దగ్గర ఆగి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, "మోకాలి మీద ఆ దెబ్బేమిటి?" అంటుంది. అది మాకెవరికీ కనపడదు. మేం మొహాలు చూస్తాం, ఆవిడ మోకాళ్ళు చూస్తుంది.

పెళ్ళి ఫొటోలకీ ఇదే మంచి దారి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, పట్టుచీర అంచు అలికినట్టు వస్తుంది. ఆల్బమ్ అయితే ఎవరు తీసినవి వాళ్ళు అందులోనే వేస్తారు. ఒకటి గుర్తుంచుకోండి, మీరు మీ ఫోన్లో ఆ ఫొటో చెరిపేస్తే ఆల్బమ్‌లోంచీ పోతుంది. ఆల్బమ్ లింకుని పెళ్ళివారి గ్రూపులో పడేయకండి. లింకు తెరిచి ఉంటే అది ఎవరి చేతిలో పడితే వాళ్ళు చూస్తారు. ఫొటో ఎక్కడ తీశారన్నది కూడా చూపించే మీట ఒకటుంటుంది, అది ఆపేయండి. చిన్నపిల్లలున్న ఫొటోలైతే మరీను.

చెరపడం అంటే గుర్తొచ్చింది. ఫోను నిండిందని ఫొటోలు ఒక్కొక్కటే నొక్కి డిలీట్ చేస్తుంటారు చూడండి, బ్యాకప్ అయిన ఫొటోని గూగుల్ ఫొటోస్‌లో అలా తీసేస్తే పైన దాచింది కూడా పోతుంది. ఆ ఐడీ ఇంకో ఫోన్లో ఉంటే అక్కడా పోతుంది. ఫోన్లో మాత్రమే ఖాళీ కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే ఉంది, అది నొక్కాలి. పొరపాటున తీసేసినవి చెత్తబుట్టలో అరవై రోజులుంటాయి. ఆలోగా తెచ్చుకోవచ్చు.

నిజానికి మన చోటు తినేది పిల్లల ఫొటోలు కానే కాదు. గులాబీ మీద "శుభోదయం", శనివారం వెంకన్న, సోమవారం శివయ్య, ఏకాదశికి విష్ణుమూర్తి. భక్తిలో లోపం లేదు, వాటిని ఎక్కించి దాచుకోనక్కర్లేదంతే. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ సెట్టింగుల్లోకి వెళితే ఫోనులోని ఫోల్డర్లు కనిపిస్తాయి. అక్కడ వాట్సాప్ ఇమేజెస్ మీట ఆపేయండి. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు వద్దని కూడా చెప్పుకోవచ్చు. ఈ రెండూ చేశాక డబ్బు కట్టే పని ఇంకో ఏడాదికి వాయిదా పడినా ఆశ్చర్యం లేదు.

కాగితాల దగ్గరికి వద్దాం. మన ఇళ్ళలో ఇవన్నీ బీరువాలో, ఆయనకి మాత్రమే తెలిసిన అరలో, ఆయనకి మాత్రమే అర్థమయ్యే వరసలో ఉంటాయి. రాత్రి పదకొండింటికి హాస్పిటల్ కౌంటరు దగ్గర "ఇన్సూరెన్స్ పాలసీ కార్డు, పేషెంటు ఆధార్ ఇవ్వండి" అని అడుగుతారు. కార్డున్న మనిషి లోపల స్ట్రెచర్ మీద ఉంటాడు. అప్పుడు బీరువా తాళం ఎక్కడుందో అడిగేదెవరిని?

డ్రైవ్‌లో ఒక ఫోల్డరు పెట్టండి. డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే కెమెరా ఉంది, కాగితాన్ని నేల మీద పరిచి తీస్తే అంచులు తనే కత్తిరించి పీడీఎఫ్ చేస్తుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాసుపుస్తకం, ఎల్ఐసీ బాండు, పిల్లల టీకాల కార్డు, టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఫ్రిజ్ వారంటీ బిల్లు. అమెరికాలో ఉన్నవాడికి వీసా పని మీద నాన్న పుట్టినతేదీ కాగితం కావలసినా అందులోంచే తీసుకుంటాడు, మనల్ని బీరువా ఎక్కించడు. ఇన్సూరెన్స్ కార్డు లాంటివి నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఆఫ్‌లైన్ గుర్తు పెట్టుకోండి. హాస్పిటల్ నేలమాళిగలో సిగ్నల్ ఉండదు.

ఫోల్డరుని ఎవరికి ఇవ్వాలో వాళ్ళ మెయిల్ ఐడీ కొట్టి ఇవ్వండి. చూసేవాళ్ళని వ్యూయర్‌గా పెట్టండి. ఎడిటర్ అంటే మార్చగలరు, తీసేయగలరు, మీరు ఆపకపోతే ఇంకొకరికి ఇవ్వగలరు కూడా. "లింకు ఉన్న ఎవరైనా" అన్న వరస ఇంటి కాగితాలకి పనికిరాదు. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ ఉడాయ్ సైటులో దొరుకుతుంది, బయటివాళ్ళకి అదివ్వండి. ఏటీఎం పిన్ను, బ్యాంకు పాస్‌వర్డు ఈ ఫోల్డరు చాయలకి రాకూడదు. ఇంకో చిక్కు, ఎవరు ఎక్కిస్తే ఆ ఫైలు వాళ్ళది. చోటు వాళ్ళదే ఖర్చవుతుంది, వాళ్ళ ఐడీ మూతబడితే ఫైలూ పోతుంది. ముఖ్యమైనవాటికి ఇద్దరి దగ్గరా వేరువేరు కాపీలుండడం మంచిది.

స్కాను చేసిన దస్తావేజు అసలు దస్తావేజు కాదన్నది మీకు తెలియనిది కాదు. డిజీలాకర్ దారి వేరు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన ఈ లాకర్లోకి ప్రభుత్వ శాఖల నుంచి నేరుగా వచ్చే డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ, మార్కుల మెమో లాంటివి అసలుతో సమానమని 2016 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అది ఎవరి ఆధార్ మీద వాళ్ళకే. ఇంటికొకటి అనే మాట అక్కడ చెల్లదు, నాకు ఆ పద్ధతి నచ్చింది.

"నా ఫోన్లో దాచుకోవడానికి ఏముందండీ?" అంటారు కొందరు వదినలు. ఏమీ లేకపోవచ్చు. చీటీ పాట లెక్క ఉండొచ్చు, పుట్టింటి నుంచి అన్నయ్య పెట్టిన మెసేజీ ఉండొచ్చు, ఎప్పుడో రాసుకుని ఎవరికీ చూపించని కథ ఉండొచ్చు. ఫొటోలకి లాక్డ్ ఫోల్డర్ అని ఒకటుంది, అందులోవి ఏ ఆల్బమ్‌లోకీ పోవు. "మనిద్దరి మధ్య దాపరికాలేమిటి?" అని ఆయన అంటే గొడవపడకండి. కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఆయన ఫోను అన్‌లాక్ చేసి ఇమ్మనండి.

పెద్దవాళ్ళ విషయం మాత్రం వేరు. డెబ్బై దాటిన మనిషిని పాస్‌వర్డ్ గుర్తు పెట్టుకోమనడం అన్యాయం. వాళ్ళ ఇష్టంతోనే, ఊళ్ళో ఉండే పిల్లల నంబరు రికవరీకి పెట్టండి. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి నగల పెట్టెలో పెట్టండి.

ఇంకొక్క సంగతి ఉంది. అశుభం పలకకూడదంటారు కానీ పలకాల్సిందే. మనిషి పోయాక రెండేళ్ళు ఆ ఐడీ ఎవరూ తెరవకపోతే గూగుల్ దాన్ని తీసేయగలదు. 2023 డిసెంబరు నుంచి ఆ పని మొదలుపెట్టారు. ఫొటోలు, మెయిళ్ళు అన్నీ దాంతో పాటే. పోయినవాళ్ళ ఫోను లాకు తెలియక, ఆయన గొంతున్న వీడియో ఒక్కటైనా తీసుకోలేక ఏడ్చిన ఇల్లాళ్ళని చూశాను. దీనికి మందు ముందే వేసుకోవచ్చు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని 2013 నుంచీ ఉంది. పది మంది దాకా పేర్లివ్వచ్చు, ఎవరికి ఏది చేరాలో విడివిడిగా చెప్పచ్చు. మీరు ఐడీ వాడడం మానేసి ఎన్నాళ్ళైతే వాళ్ళకి కబురు పంపాలో కూడా మీరే చెప్పాలి, మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా. ఐఫోనులో లెగసీ కాంటాక్ట్ అంటారు, అదీ ఇలాంటిదే.

మా ఇంట్లో మొన్న ఆదివారం కూర్చుని ఇది పూర్తిచేద్దామనుకున్నాం. ఆయన నా పేరు పెట్టారు. నేను ఆయన పేరూ, మా అమ్మాయి పేరూ పెట్టాను. "మధ్యలో అదెందుకు?" అన్నారు. ఇద్దరం ఒకే ఈడువాళ్ళం కదండీ అన్నాను. గడువు దగ్గరే చిక్కొచ్చింది. ఆయన పద్దెనిమిది నెలలంటారు, "అంత తొందరేమిటి నీకు" అని. నేను మూడు నెలలంటాను, కరెంటు బిల్లు మెయిళ్ళు ఆయనకే వస్తాయి కనక. ఇంకా తేలలేదు.